ఒక్క పిస్టన్ బ్యూగిళ్ల కాలం: ఆ డ్రమ్ కోర్ ధ్వని ఎలా పుట్టేది?

పాత_ఎల్పీలు:

అమెరికా డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్‌ల (డ్రమ్ములు, బ్యూగిళ్లు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే దళాల) 1960ల, 70ల రికార్డింగులు వింటున్న కొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి. ఇప్పటి డీసీఐ (డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్ అనే పోటీల సంస్థ) ప్రదర్శనల్లో శుభ్రత ఎక్కువ, వేగం ఎక్కువ, స్వరాలూ ఎక్కువే. అయినా పాతవాటిలో ఇత్తడి వాద్యాలు మొత్తం ఒక్కసారి కార్డ్ (కలిసి పలికే స్వరాల కూర్పు) పట్టినప్పుడు వచ్చే ఆ గణగణ ఇప్పుడు వినపడదు. ఒకే ఒక్క పిస్టన్‌తో అన్ని స్వరాలు ఎలా పలికించేవారు? ప్రదర్శన మైదానం ఎడమ చివర మొదలై కుడి చివర ఎందుకు ముగిసేది? చివర్లో తుపాకీ పేలినట్టు వినిపించేది ఏమిటి? టింపనీలను (గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్ములను) కూడా మెడకు తగిలించుకుని నడిచేవారంటారు, అదెలా సాధ్యం? ఇంకొకటి, అట్ట మీద ఏమీ రాసి లేని టేపు ఏ కాలానిదో చెవితో గుర్తుపట్టే దారి ఉందా?

"ఆ రోజులే వేరు" అనే మాట చాలా చోట్ల కనిపిస్తోంది. ఎందుకు వేరు, ఏ పరికరం వల్ల, ఏ నిబంధన వల్ల అనేది తెలిసినవాళ్లు వివరంగా చెబితే బాగుంటుంది.

జి_డి_పిస్టన్:

బ్యూగిల్ సంగతి నేను చెబుతాను. డ్రమ్ముల సంగతి ఇక్కడ నాకన్నా బాగా తెలిసినవాళ్లున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాల శాఖల్లో పెట్టుకున్న దళాలతో ఈ కళ మొదలైంది. వాళ్ల చేతిలో ఉన్నది జి శ్రుతి సైనిక బ్యూగిల్. దానికి మీటలేమీ ఉండవు, పెదవితో పలికే స్వరాలే దిక్కు. దాని మూల స్వరాన్ని స అనుకుంటే, వాడుకలో ఉన్న పరిధిలో దొరికేవి స, ప, పై స, గ, ప, కైశికి ని, ఆ పై స. అంతే. ఇందులోనూ గ 14 సెంట్లు, ని 31 సెంట్లు తక్కువ పలుకుతాయి (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). గొట్టం స్వభావమే అంత.

తర్వాత అడ్డంగా ఒక పిస్టన్ పెట్టడానికి అనుమతి వచ్చింది. దాన్ని కుడి బొటనవేలితో నొక్కాలి. నొక్కితే శ్రుతి జి నుంచి డికి, అంటే ఒక మధ్యమం మేర దిగుతుంది. అప్పుడు ప, రి, ప, కాకలి ని, రి, శుద్ధ మ వస్తాయి. రెండు వరసలూ కలిపితే పై భాగంలో స రి గ మ ప దాకా పాట నడుస్తుంది, మ మాత్రం కిందికి జారి పలుకుతుంది. అసలు చిక్కు మధ్య ధైవతం దగ్గర. ప ఉంది, ని ఉంది, మధ్యలో ధ లేదు. తర్వాత వచ్చిన రోటర్ (గుండ్రంగా తిరిగే వాల్వు) శ్రుతిని అర స్వరం దింపుతుంది. దానివల్ల చాలా వికృతి స్వరాలు చేరాయి గానీ, ఆ ధ మాత్రం అప్పటికీ రాలేదు. పిస్టన్, రోటర్ కలిపి నొక్కితే ఇంకో చిక్కు. రెండు గొట్టాల పొడవు కలిపినా కావలసినంత కాదు కాబట్టి స్వరం సుమారు 25 సెంట్లు హెచ్చుగా వస్తుంది. దాన్ని పెదవితో దించుకోవాలి.

మరి ధ ఉన్న పాటలు ఎలా వాయించారంటే, ఫ్రెంచ్ హార్న్ బ్యూగిల్ సాయంతో. దాని గొట్టం సొప్రానోకు (పాట వాయించే పైస్థాయి బ్యూగిల్‌కు) రెట్టింపు పొడవు ఉంటుంది, అందుకే అదే ఎత్తులో దాని అనుస్వరాలు (ఒకే గొట్టంలో పెదవి బిగువుతో వరసగా పలికే స్వరాలు) దగ్గర దగ్గరగా ఉంటాయి. పిస్టన్ నొక్కి తొమ్మిదో అనుస్వరం పట్టుకుంటే కావలసిన ధ వచ్చేస్తుంది. అందుకని స్వరకర్త పాటను సొప్రానోలకు ఇచ్చి, ఆ ఒక్క స్వరాన్ని హార్న్‌లకు అప్పగించేవాడు. పాత రికార్డింగుల్లో పాట మధ్యలో ఒక్క స్వరం కాస్త మెత్తగా, వెనక నుంచి వచ్చినట్టు వినిపిస్తే కారణం సాధారణంగా ఇదే. ఆ చేతిమార్పు దగ్గరే ఎక్కువ తప్పులు జరిగేవి. ఎనిమిది, తొమ్మిది, పది అనుస్వరాల మధ్య దూరం తక్కువ, పెదవి రవ్వంత బిగిస్తే పక్క స్వరం పలుకుతుంది.

1960ల చివర్లో డి పిస్టన్ బదులు ఎఫ్ పిస్టన్ వచ్చింది. ఇది ఒక పూర్తి స్వరం మాత్రమే దింపుతుంది. దీనితో మధ్య ధ, కింది గ, కింది మ దొరికాయి, బదులుగా కింది రి పోయింది. రెండూ కలిపి నొక్కినప్పుడు హెచ్చు కూడా 10 సెంట్లకు తగ్గింది. ట్రంపెట్ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, మూడో వాల్వు లేని ట్రంపెట్ ఇది.

ఇక గణగణ సంగతి. సొప్రానో నుంచి అతి మంద్రమైన కాంట్రాబాస్ దాకా అన్నీ జి కుటుంబమే. శబ్దం వెలువడే విప్పారిన కొసలన్నీ ముందుకే తిరిగి ఉంటాయి. ఆఖరి కార్డ్ చాలాసార్లు ఏ మీటా నొక్కని స గ ప మీద రాసేవారు. అప్పుడు అందరి గాంధారమూ సహజంగానే 14 సెంట్లు తక్కువ ఉంటుంది. స గ ప మూడూ శుద్ధంగా కలవడానికి కావలసింది సరిగ్గా ఆ గాంధారమే. శబ్దంలో అలలు లేకుండా కార్డ్ అతుక్కుపోతుంది. మూడు వాల్వుల వాయిద్యంతోనూ దీన్ని సాధించవచ్చు, కానీ ప్రతి వాద్యగాడూ విని సర్దుకోవాలి. ఆనాడు ఆ పని గొట్టమే చేసిపెట్టేది.

గోల్_లైన్:

ఎడమ నుంచి కుడికి నడక, తుపాకీ, ఈ రెండూ తీర్పు పద్ధతిలోంచి వచ్చినవే.

లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ పోటీల్లో ఎడమ చివరి గీత దాటడంతో ప్రదర్శన మొదలు, కుడి చివరి గీత దాటడంతో ముగింపు. అది ఒక దళం మైదానం దాటి కవాతు చేసిపోవడం అనే ఊహ మీద కట్టిన చట్రం. మధ్యలో తప్పనిసరి ఘట్టాలుండేవి. గీత దాటుతూ ఒక పాట, జాతీయ జెండాకు వందనం, నిలబడి వాయించే కచేరీ భాగం, చివరికి నిష్క్రమణ. పోటీకి ముందు వరసలో నిలబెట్టి తనిఖీ కూడా చేసేవారు. బొత్తాలు, బూటు తాళ్లు, ఇత్తడి మెరుగు దగ్గర లోపం దొరికితే ప్రదర్శన మొదలవకముందే మార్కులు పోయేవి.

న్యాయనిర్ణేతలు మైదానంలోకి దిగి, పలకలు పట్టుకుని వరసల మధ్యే తిరిగేవారు. ఒక తప్పు కనిపిస్తే ఒక టిక్కు, ఒక టిక్కుకు 0.1 మార్కు కోత. ఒక స్నేర్ డ్రమ్ము కర్ర ముందు పడినా, ఒక బ్యూగిల్ ఆలస్యంగా ఆగినా, వరసలో ఒకరు అరడుగు వెనకబడినా, తిప్పే రైఫిల్ చేజారినా టిక్కే. నిర్ణీత సమయం అవగానే తుపాకీ పేల్చేవారు. దానితో టిక్కుల లెక్క ఆగిపోయేది. ఇక్కడ పాత రికార్డింగులు వినేవాళ్లు గమనించాల్సింది ఉంది. తుపాకీ తర్వాత మిగిలేది మొత్తం ప్రభావానికి ఇచ్చే మార్కులే కాబట్టి, అప్పటిదాకా జాగ్రత్తగా వాయించిన దళం ఆ తర్వాత పగ్గాలు వదిలేసేది. అతి పెద్ద స్వరాలు, అతి ఎత్తు సొప్రానోలు అక్కడే వినిపిస్తాయి.

డ్రిల్లు (మైదానంలో దళం నడిచే ఆకృతుల) ఆకారం కూడా టిక్కుకు లొంగినదే. 100 గజాల పొడవు, 53⅓ గజాల వెడల్పు ఉన్న మైదానంలో ప్రతి అయిదు గజాలకు గీత ఉంటుంది. అయిదు గజాలకు ఆరడుగులు వేస్తే అడుగు 30 అంగుళాలు, ఎనిమిది వేస్తే 22.5 అంగుళాలు. పాత దళాలు సైనికుల 30 అంగుళాల అడుగుతో, నలుగురేసి చొప్పున తిరిగే చక్రాలతో నడిచేవి. తిన్నని వరసలో సరిచూసుకోవడం తేలిక, కుడి పక్కవాడి భుజం చూసుకుంటే చాలు. వంపు గీతలో ఆ ఆధారం ఉండదు. ట్రూపర్స్ దళం సూర్యకిరణాల్లా విచ్చుకునే ఆకృతి అంత పేరు తెచ్చుకోవడానికి అందమొక్కటే కారణం కాదు, ఆ రోజుల్లో అది నిజంగా తెగువ.

నిబంధనల మీద అసంతృప్తి పెరిగి మాడిసన్ స్కౌట్స్, కావలియర్స్, బ్లూ స్టార్స్, సాంటా క్లారా వాన్‌గార్డ్, ట్రూపర్స్ 1971లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. తూర్పు తీరం దళాలు ఇంకో కూటమి కట్టాయి. డీసీఐ పుట్టింది ఆ కదలికలోంచే. మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో జరిగింది, అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. అయితే డీసీఐ వచ్చీ రాగానే టిక్కు పోలేదు. 1983 దాకా నడిచి, 1984 సీజన్ నుంచి తీసేశారు.

పాత_ఎల్పీలు:

చాలా థాంక్స్ అండీ. గోల్_లైన్ గారూ, ఒక్క అనుమానం. టిక్కు ఉన్నప్పుడు దళాలు మరింత శుభ్రంగా వాయించేవని చాలామంది అంటారు. అది తీసేయడం వల్లే క్రమశిక్షణ సడలిందా?

గోల్_లైన్:

నేనలా అనుకోను. టిక్కు తప్పును మాత్రమే చూస్తుంది, కష్టాన్ని చూడదు. పది స్వరాలు వాయించి ఒకటి తప్పినా 0.1, నలభై స్వరాలు వాయించి ఒకటి తప్పినా 0.1. కాబట్టి తక్కువ రాసుకున్నవాడికే లాభం. పైగా జడ్జి ఎవరి పక్కన నిలబడితే వాళ్ల తప్పులే దొరుకుతాయి. వెనక వరసలో ఎవరూ చూడని తప్పుకు శిక్ష లేదు. దళాలు కఠినమైన భాగాలను జడ్జి దారికి దూరంగా పెట్టుకోవడం కూడా ఒక విద్య అయిపోయింది. టిక్కు ఉన్న చివరి ఏడాది 1983లో గార్‌ఫీల్డ్ కాడెట్స్ జార్జ్ జింగాలీ గీసిన వంపుల డ్రిల్లుతో గెలిచింది. పద్ధతి మారకముందే కళ దాన్ని దాటిపోయిందని అందులోనే తెలుస్తుంది.

అయినా ఆనాటి సాధనలోంచి వచ్చిన ఒక గుణాన్ని ఒప్పుకోవాలి. స్వరం ఎలా మొదలైందనే దానికంటే ఎలా ఆగిందనే దాని మీద వాళ్లు పెట్టిన శ్రద్ధ అసాధారణం. డెబ్భైల రికార్డింగుల్లో కార్డ్ ఆగిన తర్వాతి నిశ్శబ్దం కత్తితో కోసినట్టుంటుంది. తోకలు మిగిలితే టిక్కు పడుతుంది మరి.

స్లింగ్_స్నేర్:

డ్రమ్ములు నా వంతు.

డ్రమ్మును ఒంటికి తగిలించే మెటల్ క్యారియర్లు వాడుకలోకి వచ్చింది డెబ్భైల్లోనే. అంతకుముందు స్నేర్ డ్రమ్మును కుడి భుజం మీదుగా వేసుకున్న పట్టీకి తగిలించేవారు. ఎడమ తొడకు ఆనేలా ఒక ఇనప కాలు ఉండేది. అలా వేలాడితే డ్రమ్ము కుడి వైపుకు ఒరుగుతుంది, ఎడమ అంచు పైకి లేస్తుంది. ఎడమ చేతిని మామూలుగా బోర్లా పట్టుకుంటే మోచెయ్యి చెవి దాకా ఎత్తాలి. అందుకే ఎడమ కర్రను బొటనవేలి సందులో, అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకునే సంప్రదాయ పట్టు పుట్టింది. క్యారియర్ వచ్చి డ్రమ్ము సమంగా నిలిచాక ఆ పట్టు అవసరం పోయింది, అలవాటు మిగిలింది. పట్టీతో ఇంకో ఇబ్బంది ఉంది. నిలబడి మోకాలు ఎత్తి అడుగులు వేసేటప్పుడు డ్రమ్ము తొడ మీద ఎగురుతుంది. కాలు లేచే క్షణంలో పడే దెబ్బ గట్టిగా, దిగే క్షణంలో పడేది మెల్లగా వస్తుంది. ఆ తేడాను మణికట్టుతో కప్పేయడం మొదటి పాఠం.

తోలు సంగతి కూడా చెప్పుకోవాలి. 1957 ప్రాంతంలో ప్లాస్టిక్ తోళ్లు అమ్మకానికి వచ్చేదాకా అంతా దూడ చర్మమే. రాత్రి పోటీల్లో మంచు పడితే చర్మం చెమ్మ పీల్చి వదులవుతుంది, మళ్లీ బిగిస్తే మర్నాటి ఎండకు చిట్లుతుంది. అందుకే ప్రదర్శన అయిన వెంటనే బిగువు తగ్గించేవారు. ప్లాస్టిక్ వచ్చాక స్నేర్ ఎత్తు ఒక మెట్టు పెరిగింది. ఎనభైల చివర్లో కెవ్లార్ తోళ్లతో ఇంకా పెరిగింది. ఆ బిగువుకు పాత డబ్బాల చట్రాలు నిలవలేదు, బలమంతా డబ్బా గోడ మీద పడకుండా కొత్త చట్రాలు చేయాల్సి వచ్చింది. పాత స్నేర్ శబ్దంలో కనిపించే లోతు, కాస్త బొంగురుతనం తక్కువ బిగువు వల్ల వచ్చినవే.

ఇక టింపనీ. అవును, మోసేవారు. నలుగురైదుగురు తలా ఒకటి, ఫైబర్‌గ్లాస్ గిన్నెవి. పెడలు ఉండదు, చేతితో తిప్పే మరతో శ్రుతి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో స్వరం, పాటను స్వరానికొకరు పంచుకునేవారు. పాట మధ్యలో శ్రుతి మార్చాలంటే నడుస్తూనే మర ఎన్ని చుట్లు తిప్పాలో లెక్క పెట్టుకుని తిప్పాలి, గోలలో తన డ్రమ్ము తనకే వినపడదు. గాలి వీస్తే గిన్నె తెరచాపలా లాగుతుంది, దెబ్బ పడే చోటు మారిపోతుంది. బాస్ డ్రమ్ములదీ ఇలాంటి పంపకమే. నిమిషానికి 120 తాళంలో ఒక మాత్రను నాలుగు బాస్‌లు పంచుకుంటే దెబ్బకు దెబ్బకు ఎడం 125 మిల్లీసెకన్లు. అందులో 20 అటూ ఇటూ అయినా చెవికి తెలిసిపోతుంది. పక్కవాడి దెబ్బ విని వాయిస్తే అప్పటికే ఆలస్యం, లోపలి లెక్క ఒక్కటే ఆధారం.

1982లో మైదానం ముందు గీత దగ్గర వాద్యాలను నేల మీద పెట్టి వాయించే పిట్‌కు అనుమతి వచ్చింది. దానితో టింపనీ, జైలోఫోన్ మోసే పని తప్పింది, కొత్త కష్టం వచ్చింది. మైదానం వెనక అంచు నుంచి ముందుకు దాదాపు 49 మీటర్లు, శబ్దం రావడానికి సుమారు 140 మిల్లీసెకన్లు పడుతుంది. వెనక ఉన్న డ్రమ్ములతో కలవాలంటే ముందున్నవాళ్లు కండక్టర్ చేతిని చూడకూడదు, వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వినాలి. చూసి వాయిస్తే ప్రేక్షకులకు పిట్ ముందు పరుగెత్తినట్టు వినిపిస్తుంది. ఎనభైల మొదట్లోని రికార్డింగుల్లో ఈ తడబాటు స్పష్టంగా వినవచ్చు.

జి_డి_పిస్టన్:

కాలం గుర్తుపట్టడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను.

రెండు నిలువు వాల్వుల బ్యూగిల్ 1977లో, మూడు వాల్వులది 1990లో, ఏ శ్రుతి ఇత్తడి వాయిద్యమైనా వాడుకోవచ్చనే నియమం 2000లో, మైకులు 2004లో, ఎలక్ట్రానిక్స్ 2009లో డీసీఐకి వచ్చాయి. టేపులో సొప్రానోలు మధ్య స్థాయిలో వికృతి స్వరాల మీదుగా వేగంగా పరుగెడితే అది 1977కు ముందుది కాదనుకోవచ్చు. టింపనీ, గంటల వాద్యం (కర్రలతో కొట్టే లోహపు పలకలు) శబ్దం పాటతోపాటు ఎడమ నుంచి కుడికి కదులుతుంటే 1982కు ముందుది, ఎప్పుడూ ముందు మధ్యలోనే ఉంటే తర్వాతిది. తుపాకీ వినిపిస్తే టిక్కుల కాలం. మధ్య ధ దగ్గర పాట పదేపదే చేతులు మారుతుంటే ఎఫ్ పిస్టన్‌కు ముందుది కావచ్చు, కానీ పేద దళాలు పాత బ్యూగిళ్లతోనే చాలా ఏళ్లు లాగాయి, ఈ ఒక్క ఆధారాన్ని నమ్ముకోవద్దు. పెద్దవాళ్ల దళాల పోటీలు వేరు సంస్థ, డీసీఏ, కింద జరిగేవి. ఈ తేదీలు వాటికి అచ్చంగా వర్తించవు.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడకుండా శ్రుతి గురించి తీర్మానాలు చేయొద్దు. మసాచుసెట్స్‌లోని రివీర్ నుంచి వచ్చిన ఫ్లీట్‌వుడ్ రికార్డుల లాంటి ఎల్పీలను టేపు మీదికి, అక్కడి నుంచి ఇంకో టేపు మీదికి ఎక్కించుకున్న నకళ్లే ఎక్కువ తిరుగుతున్నాయి. ఇత్తడిని కొలతగా తీసుకుంటే మోసపోతారు. గొట్టంలోని గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది, మధ్యాహ్నపు పోటీకీ రాత్రి పోటీకీ 30 సెంట్ల తేడా మామూలే. గంటల వాద్యం లోహపు పలకలు ఎండకు పెద్దగా మారవు. వాటి స్వరం ఒకటి శుభ్రంగా దొరికిన చోట కొలిచి, దాన్నిబట్టి వేగం సరిచేయండి.

పాత బ్యూగిల్ చేతికొస్తే అది డి పిస్టన్‌దో ఎఫ్ పిస్టన్‌దో లూపు (పిస్టన్ నొక్కితే కలిసే అదనపు గొట్టం) చూసి చెప్పొచ్చు. సొప్రానో గొట్టం సుమారు 1.76 మీటర్లు. డి లూపు దానికి 59 సెంటీమీటర్ల దాకా కలుపుతుంది, ఎఫ్ లూపు 21 మాత్రమే. పిస్టన్ నొక్కి ఊదినా తెలుస్తుంది.

రోటర్ బిగుసుకుపోయి ఉంటే మీటను బలంగా లాగొద్దు, దారం తెగుతుంది లేదా మీట వంగుతుంది. ముందు పై మూత తీసి, ఇరుసు మీద, కింద మీట వైపు ఇరుసు మీద ఒక్కో చుక్క పలుచని రోటర్ నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. పిస్టన్ నూనె పిస్టన్‌కే. కదలిక వచ్చాక మూత కింద ఉన్న గీతలు చూడండి. రోటర్ ఇరుసు మీది గీత, పలక మీది గీత రెండు కొసల్లోనూ ఒకదాని ఎదురుగా ఒకటి నిలవాలి. నిలవకపోతే ఆపే బిరడాలు అరిగాయని అర్థం, రంధ్రం సగమే తెరుచుకుని ఆ స్వరం మూసుకుపోయినట్టు పలుకుతుంది. కొత్త బిరడాను కాస్త పెద్దదిగా పెట్టి, గీతలు కలిసేదాకా బ్లేడుతో కొద్దికొద్దిగా చెక్కాలి. ఎక్కువ చెక్కితే అది పారేసి ఇంకొకటి పెట్టుకోవడమే.

పాత_ఎల్పీలు:

గంటలతో వేగం కొలిచే పద్ధతి వెంటనే పనికొచ్చేదే. ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) కూడా బిగుసుకుపోయి ఉంటే ఏం చేయాలి?

జి_డి_పిస్టన్:

స్లైడ్ కీలు చుట్టూ చొరబడే నూనె రాసి ఒకటి రెండు రోజులు ఆగండి. తర్వాత మెత్తటి గుడ్డను స్లైడ్ వంపులోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని తిన్నగా, కుదుపుతో లాగండి. పక్కకు మెలితిప్పితే పాత టంకం ఊడుతుంది. రెండు మూడు సార్లకూ రాకపోతే అక్కడితో ఆపి వాద్యాలు బాగుచేసేవారికి ఇవ్వండి. వాళ్లు కీలు బయటి గొట్టాన్ని మాత్రమే వేడిచేసి తీస్తారు. ఇంట్లో మంట పెట్టొద్దు, రోటర్ దగ్గరి టంకం కరిగితే దాని అమరిక మళ్లీ కుదరడం చాలా కష్టం.